కళింగపట్నంలో ఓడరేవు ఏదండీ?

దారి చెబుతా: పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళం నుంచి ఓ రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సముద్రం గురించే. సెలవులు దగ్గర పడుతున్నాయి కాబట్టి మామూలే. అందుకని గుళ్ల టైమింగులు, రైలు కనెక్షన్ల ప్రశ్నలు పక్కన పెట్టాను. ఈసారి భోగాపురం నుంచి ఇచ్ఛాపురం వరకు తీరం ఒక్కటే మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేం అయిదుగురం కారులో వస్తున్నాం. మూడు రోజులు ఉంటాం. భీమిలి దాటాక సముద్రం పక్కనే డ్రైవ్ చేసుకుంటూ ఇచ్ఛాపురం వరకు వెళ్లాలని ప్లాన్. దారిలో వచ్చే చారిత్రక కట్టడాలు వరసగా రాస్తారా?
– ఓ పాఠకుడు, విజయవాడ

బాబూ, ఆ ప్లాన్ మార్చుకోవాలి. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకుని రోడ్డు ఉంది కదా, అదే అలాగే మా జిల్లాల్లోకి వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. భీమిలి దాటాక చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా అన్నీ వరసగా వచ్చి సముద్రంలో కలుస్తాయి. వాటి మధ్యలో గెడ్డలూ ఉప్పుటేర్లూ సరేసరి. మీకు అసలు దారి పదహారో నంబరు జాతీయ రహదారి. దాని మీంచి తూర్పు వైపు దువ్వెన పళ్లలా చిన్న చిన్న రోడ్లు దిగుతాయి. ఒక ఊరు చూసుకుని మళ్లీ హైవే ఎక్కి, ముందుకెళ్లి ఇంకోచోట దిగాలి. పక్క ఊరి కొబ్బరిచెట్లు ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి, మధ్యలో నది ఉంటుంది. చుట్టు తిరిగి వచ్చేసరికి పిల్లలకి ఆకలేస్తుంది.

అసలు మా తీరాన్ని బీచ్‌ల లెక్కన కాకుండా నదుల లెక్కన చూడాలని నా వాదన. పాత రేవులు, గుళ్లు, బౌద్ధ స్తూపాలు, అన్నీ నది సముద్రంలో కలిసే చోటికి అటో ఇటో ఉన్నాయి. ఓడకి సరుకు కావాలి. ఆ సరుకు లోతట్టు నుంచి నది వెంటే రావాలి. అందుకే కోనాడ చంపావతి దగ్గర, కళింగపట్నం వంశధార దగ్గర, బారువ మహేంద్రతనయ దగ్గర వెలిశాయి. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాది చిన్నది, 28 కిలోమీటర్లు, అదీ భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. మూడు రోజుల్లో మొత్తం చూడాలనుకుంటే కారు అద్దంలోంచే చూడాలి.

కాబట్టి రోజుకో నది పెట్టుకోండి. మొదటి రోజు చంపావతి. పూసపాటిరేగ దగ్గర హైవే దిగి చింతపల్లి, అక్కడి నుంచి కోనాడ చూసుకుని రాత్రికి శ్రీకాకుళం చేరిపోండి. రెండో రోజు నాగావళికీ వంశధారకీ మధ్య ఉన్న గార మండలం. నన్నడిగితే ఈ రెండు జిల్లాల తీరం మొత్తం మీద ఇంత తక్కువ దూరంలో ఇంత చరిత్ర ఉన్న చోటు ఇంకోటి లేదు. పొద్దున్నే అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం. మధ్యాహ్నం ఎండ తగ్గాక శాలిహుండం కొండ, సాయంత్రానికి కళింగపట్నం. భోజనం మాత్రం శ్రీకాకుళంలోనే కానిచ్చేయండి, లోపల ఊళ్లలో టిఫిన్లు తప్ప పెద్దగా దొరకవు. మూడో రోజు బారువ, అక్కడి నుంచే ఇచ్ఛాపురం. మధ్యలో టెక్కలి, నౌపడ, భావనపాడు వదిలేయండి. బాధేస్తుంది గానీ వదిలేయండి.

ఇంకో మాట. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, భూమి మీద మునుగుతాడు. "సన్‌సెట్ పాయింట్ ఎక్కడ" అని బస్సులో రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. సముద్రం చూడాలంటే తెల్లవారగట్ల లేవాల్సిందే. సాయంత్రం వెలుగు కావాలంటే శాలిహుండం ఎక్కి పడమర వైపు వంశధారని చూడండి.

ప్రశ్న: చరిత్రలో పెద్ద ఓడరేవు అని చదివి హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని కళింగపట్నం వెళ్లాం. ఇసుక, లైట్‌హౌస్, నాలుగు బజ్జీల బళ్లు తప్ప ఏమీ లేవు. రేవు ఎక్కడ అని అడిగితే ఊళ్లోవాళ్లు సముద్రం చూపించారు. కనీసం పాత గోడలైనా ఉండాలి కదా? ఇదంతా ఊరికే రాసుకున్న గొప్పలేనా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

మీ కోపం నాకు కొత్త కాదు. శ్రీకాకుళం–కళింగపట్నం బస్సు దిగినవాళ్లలో కెమెరా మెడలో వేసుకున్న ప్రతి మనిషీ నన్ను అడిగిన మాటే ఇది. "కండక్టర్ గారూ, ఓడరేవు ఏదండీ?"

ఊళ్లోవాళ్లు సముద్రం చూపించారని రాశారు చూడండి, వాళ్లు చూపించింది సరైనదే. కళింగపట్నంలో ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. మన తూర్పు తీరంలో పాత రేవులు చాలావరకు ఇంతే. ఒడ్డున లోతు ఉండదు. నది ఏటా ఇసుక తెచ్చి పోస్తుంటుంది, అలలు దాన్ని అటూ ఇటూ జరుపుతుంటాయి. అందుకని ఓడ దూరంగా లోతు నీళ్లలో లంగరు వేసుకుని నిలబడేది. ఒడ్డు నుంచి పడవలు వెళ్లి సరుకు ఎక్కించి, దించి వచ్చేవి. ధాన్యం, నూనెగింజలు, కరక్కాయలు ఇక్కడి నుంచి వెళ్లేవి. కరక్కాయలు తోళ్లు ఊనడానికి, రంగులకీ పనికొచ్చేవి. మన్యం నుంచి వచ్చేవి అవి.

ఆ పడవల సంగతి కొంచెం చెప్పాలి. మసూలా పడవలంటారు. పలకల్ని మేకులు కొట్టి బిగించరు. పలక అంచుల్లో వరసగా బెజ్జాలు వేసి, కొబ్బరిపీచు తాడుతో పక్క పలకకి కుట్టేస్తారు. నీరు కారకుండా కుట్టు కింద గడ్డి లాంటిది దట్టిస్తారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఒడ్డుకి విరిగే అల మీంచి పడితే పగిలిపోతుంది. కుట్టిన పడవ ఆ దెబ్బకి కాస్త సాగి, వంగి, మళ్లీ సర్దుకుంటుంది. లోపలికి నీళ్లు వస్తూనే ఉంటాయి, ఒకడు తోడుతూనే ఉంటాడు. ఇంగ్లీషు దొరలు కూడా ఓడ దిగి ఒడ్డుకి రావాలంటే ఈ పడవే ఎక్కాలి, తడవాలి. ఇలాంటి రేవుకి గోడ ఎందుకు, ప్లాట్‌ఫాం ఎందుకు? గోడే లేనప్పుడు శిథిలం ఎక్కడి నుంచి వస్తుంది?

సరుకుతోపాటు మనుషులు కూడా వెళ్లారు. కళింగపట్నం, బారువ, భీమిలి, ఇటు గోపాలపూర్, ఈ రేవుల నుంచి బర్మాకి కూలికి వెళ్లినవాళ్లు వేలల్లో. రంగూన్‌ని మా వైపు ముసలాళ్లు రంగం అనేవారు. కోతల కాలానికి వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు కొందరు, అక్కడే ఉండిపోయినవాళ్లు కొందరు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బర్మా మీద పడ్డాక ఓడలు దొరక్క అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. మీరు నిలబడిన ఆ ఇసుక మీద నిలబడే వాళ్లు పడవ ఎక్కారు. నాకైతే గోడ కన్నా అదే ఎక్కువ.

అయినా కంటికి కనపడేది కావాలంటే చెబుతాను. లైట్‌హౌస్ ఉంది. ఊళ్లో పాత దర్గా ఉంది. ఈసారి మధ్యాహ్నం శాలిహుండం చూసి, తర్వాత కళింగపట్నం రండి. ఆ బౌద్ధ కొండ, ఈ రేవు ఒకే నది ఒడ్డున, ఒకదానికొకటి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఎందుకున్నాయో మీకే తడుతుంది. రాయిలో రాసిన సాక్ష్యమే కావాలనుకుంటే భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, పదిహేడో శతాబ్దంవి. అది విశాఖ జిల్లా అయినా మీ దారిలోదే. ఇక గోడలతో కట్టిన రేవే చూడాలంటే, మూలపేటలో 2023లో శంకుస్థాపన చేసిన కొత్త పోర్టు వైపు వెళ్లండి. సముద్రంలోకి రాళ్లు పోసి అలల్ని ఆపితే తప్ప ఈ తీరంలో పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదని అక్కడ అర్థమవుతుంది.

బజ్జీల బళ్ల గురించి వెటకారంగా రాశారు గానీ, అక్కడి మిరపకాయ బజ్జీలు బాగుంటాయండీ.

ప్రశ్న: మాది బొబ్బిలి. డిగ్రీ చదువుతున్నాను. చింతపల్లి దగ్గర కొండ మీద లైట్‌హౌస్ చాలా పాతదని మా లెక్చరర్ గారు చెప్పారు. అంత చిన్న ఊళ్లో లైట్‌హౌస్ ఎందుకు కట్టారు? అక్కడ పోర్టు ఉండేదా?
– ఓ విద్యార్థిని, బొబ్బిలి

మంచి ప్రశ్న వేశావమ్మా. అది 1847లో వెలిగించిన దీపం. రికార్డుల్లో శాంతపల్లి అని కనిపిస్తుంది, ఇంగ్లీషువాళ్లు శాంతపిల్లి అని రాసుకున్నారు. లైట్‌హౌస్ అంటే "ఇక్కడ రేవుంది, రండి" అని పిలిచేదనుకుంటాం. ఇది "ఇటు రావద్దు" అని చెప్పడానికి కట్టింది. చింతపల్లి ఎదురుగా సముద్రంలో కొన్ని మైళ్ల లోపల నీటి అడుగున రాళ్లున్నాయి. శాంతపల్లి రాళ్లు అనే పేరుతో పాత నావిక పటాల్లో గుర్తు పెట్టి ఉంటాయి. తీరం పట్టుకుని భీమిలికి వచ్చే ఓడలకి ఇవే గండం. పగలు కొండల గుర్తు చూసుకుని తప్పించుకునేవారు, రాత్రి ఎలా? అందుకే కొండ మీద దీపం.

ఆ రాళ్లు ఎక్కడి నుంచో వచ్చినవి కావు. మీ బొబ్బిలి చుట్టుపక్కల కనిపించే తూర్పు కనుమల రాయే అక్కడ సముద్రంలోకి దిగింది. ఖొండలైట్ అంటారు దాన్ని. ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ పేరు వచ్చింది. చింతపల్లి ఒడ్డున కూడా నల్లరాళ్లు చూస్తావు. పాటు సమయంలో వెళ్తే రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, చిన్న పీతలు, నత్తలు అందులో కదులుతుంటాయి. పాదాలు తెగుతాయి, చెప్పులు విప్పకు. మిగతా తీరమంతా దాదాపు ఇసుకే కాబట్టి, రాళ్ల సముద్రం చూడాలంటే మన రెండు జిల్లాల్లో ముందు చెప్పేది చింతపల్లే. డైవింగ్ నేర్చినవాళ్లు కూడా ఇక్కడికి వస్తున్నారు.

పోర్టు సంగతి అడిగావు కదా, అది పక్కనే ఉన్న కోనాడలో, చంపావతి సముద్రంలో కలిసే దగ్గర. ఇప్పుడక్కడ తెప్పలు, వలలే. విజయనగరం నుంచి చింతపల్లి దాదాపు ముప్పై కిలోమీటర్లు. లైట్‌హౌస్ ఎక్కనిచ్చే వేళలు కనుక్కుని మరీ వెళ్లు, లేకపోతే గేటు దగ్గర నుంచే తిరిగి రావాలి.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. సముద్రం చూపించాలి, గుళ్లూ చూపించాలి, మెట్లు ఎక్కలేరు. ఒక్క రోజులో ఏం చూడొచ్చు?
– ఓ పాఠకురాలు, తెనాలి

అమ్మా, మీకు శ్రీకూర్మం చాలు. రైలు దిగేది శ్రీకాకుళం రోడ్ స్టేషన్, అంటే ఆమదాలవలస. అక్కడి నుంచి శ్రీకాకుళం ఊరు పదమూడు కిలోమీటర్లు. ఊళ్లోకి రైలు రాదు, ఆటోవాళ్లు ఈ సంగతి మీకన్నా ముందే తెలుసుకుని ఉంటారు, బేరమాడండి.

శ్రీకూర్మం శ్రీకాకుళానికి దగ్గర్లోనే. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే గుడి ఇంకెక్కడా ఇలా ఉండదు. స్వామి పడమర ముఖంగా ఉంటాడు, అందుకని రెండు ధ్వజస్తంభాలు. మీ అత్తగారిని త్వరత్వరగా దర్శనం చేయించి బయటికి తీసుకురావద్దు. ప్రదక్షిణ మంటపంలో కూర్చోబెట్టండి. అక్కడి స్తంభాల మీద తెలుగు శాసనాలు వరసగా ఉన్నాయి. ఎవరో అఖండ దీపానికి ఇచ్చిన మేకలూ ఆవులూ, ఇంకెవరో ఇచ్చిన భూమి, అన్నీ చెక్కి ఉన్నాయి. అక్షరాలు ఇప్పటివిలా ఉండవు గానీ, వేలు పెట్టి నెమ్మదిగా చూస్తే ఒక 'శ్రీ', ఒక 'న' దొరుకుతాయి. గోడల మీద పాత రంగుల బొమ్మలు కూడా ఉన్నాయి. వెనక నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. గోంగూర, తోటకూర తింటాయి. మా అమ్మకి గుడికన్నా అవే ఇష్టంగా ఉండేవి, గోంగూర కట్ట కొనిస్తే తప్ప కదిలేది కాదు. ఎదురుగా ఉన్నది శ్వేతపుష్కరిణి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెద్దల అస్థికలు అందులో కలుపుతారు.

ఓపిక ఉంటే నాగావళి సముద్రంలో కలిసే చోట కళ్లేపల్లి మణినాగేశ్వరుడు. బలరాముడు నాగలితో నాగావళిని తెచ్చి దాని ఒడ్డున అయిదు శివాలయాలు పెట్టాడని కథ. పైన రాయగడ దగ్గర పాయకపాడుతో మొదలై, గుంప, సంగాం, శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుడు, చివరికి ఈ కళ్లేపల్లి. నది నడిచిన దారి అంతా గుళ్లతో గుర్తు పెట్టుకున్నారు మనవాళ్లు. దగ్గర్లో మొపసుబందరు అనే ఊరుంది, పేరులోనే బందరుంది కదా, అదీ ఒకప్పటి రేవే.

అరసవల్లి ఎలాగూ చూస్తారు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు ఎండ స్వామి పాదాల మీద పడుతుంది. ఆ రోజుల్లో మాత్రం మీ అత్తగారిని తీసుకురావద్దు, ఆ జనంలో నిలబడలేరు. ఊళ్లో నుంచి వెళ్తూ జామియా మసీదు కూడా ఒకసారి కారు ఆపి చూపించండి. గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచిన కాలం అది.

ప్రశ్న: అన్నా, ఫ్రెండ్స్‌తో బైకుల మీద వస్తున్నాం. నది సముద్రంలో కలిసే దగ్గర ఈత కొట్టడానికి, రాత్రి టెంటు వేయడానికి సేఫ్ ప్లేస్ చెప్పు. రీల్స్‌కి బాగుండాలి.
– విశాఖపట్నం

తమ్ముడూ, అలాంటి సేఫ్ ప్లేస్ లేదు. నది మొగ దగ్గర పైకి నీళ్లు నిదానంగా కనిపిస్తాయి, కింద లాగుతుంటాయి. కిందటి నెల మోకాలి లోతు ఉన్నచోట ఈ నెల నిలువు లోతు ఉంటుంది, ఇసుకతిన్నె జరిగిపోతుంది కాబట్టి. మొగ ఎటు తిరిగిందో రోజూ తెప్ప వేసే మత్స్యకారుడికి తెలుసు, నీకూ నాకూ తెలీదు. "బాబూ, అటెల్లకండి" అని వాళ్లు అరిస్తే వెనక్కి వచ్చెయ్యండి, వీడియో తియ్యకండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఈ తీరానికే వస్తాయి. టెంటు, మంట, లైట్లు చూస్తే అవి వెనక్కి తిరిగిపోతాయి. కాబట్టి రాత్రికి శ్రీకాకుళంలోనో పలాసలోనో గది తీసుకుని తెల్లవారుజామున రండి. వెలుగు కూడా అప్పుడే బాగుంటుంది.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్దామనుకుంటున్నాను. వాళ్లకి బోరు కొట్టకుండా ఏం చెప్పాలి?
– ఓ ఉపాధ్యాయుడు, నరసన్నపేట

మాస్టారూ, మీకు నేను చెప్పడం బాగోదు గానీ, అడిగారు కాబట్టి చెబుతాను. బస్సులోనే ఒక్క మాట చెప్పండి: ఈ కొండ మీద ఏముందో 1919లో లోకానికి చెప్పినాయన, మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజున చేసుకుంటున్నామో ఆయనే. గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోట్లాడిన మనిషిగానే పిల్లలకి తెలుసు. ఆయన సవరల భాష నేర్చుకున్నాడు, శాసనాలు చదివాడు, ఇలా కొండలూ ఎక్కాడు.

పైన ఇటుకల మహాస్తూపం, చిన్న స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉన్న గదుల పునాదులు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటికే ఇక్కడ బౌద్ధం ఉందని చెబుతారు. పిల్లలకి శతాబ్దాలు అక్కర్లేదు. ఒక ఇటుక పక్కన వాళ్ల జానెడు పెట్టి కొలవమనండి. ఇప్పటి ఇటుకలకి ఎన్ని రెట్లుందో వాళ్లే చెబుతారు. చక్రం ఆకారంలో పునాది వేసిన స్తూపం ఏదో వెతకమనండి. కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలున్నాయి. బుద్ధుడి బొమ్మే పెట్టుకోని తొలి రోజుల నుంచి ఇంతమంది దేవతలు వచ్చేవరకు, వందల ఏళ్లు ఒకే కొండ మీద ఎలా గడిచాయో అక్కడ చెప్పొచ్చు. చివరిగా అందర్నీ పైన నిలబెట్టి కిందికి చూపించండి. వంశధార మెలికలు తిరిగి కళింగపట్నం వైపు పోతుంటుంది. ఓడ మీద వచ్చిన వర్తకుడికి ఈ కొండ ఎందుకు దగ్గరో అడగండి, జవాబు చెప్పకండి.

మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. కొండ మీద నీడ తక్కువ.

ప్రశ్న: మాది బరంపురం, ఇంట్లో తెలుగే. మాకు శ్రీకాకుళం కన్నా బారువ దగ్గర. అక్కడ ఒక రోజుకి సరిపడా ఉందా? అక్టోబరులో రావచ్చా?
– ఓ పాఠకురాలు, బరంపురం

ఉంది, రండి. కానీ అక్టోబరు వద్దమ్మా. మా ఉద్దానం, అంటే ఈ తీరం వెంట ఉన్న కొబ్బరి, జీడి తోటల ప్రాంతం, అక్టోబరు అంటేనే టెన్షన్ పడుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ మీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, మీకు చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస, ముప్పై నలభై ఏళ్ల తోటలు ఒక్క రాత్రిలో పడుకున్నాయి. వారం పోయాక ఆ రూట్లో బస్సులు తిరిగినప్పుడు రోడ్డుకి రెండువైపులా ఆకాశం కనపడింది. అంతకు ముందు ఆ దారిలో ఆకాశం కనపడేది కాదు, కొబ్బరి మట్టలే. మొక్కలు మళ్లీ వేశారు, కాయలు కాస్తున్నాయి, కానీ పాత నీడ రావడానికి ఇంకా టైం పడుతుంది. కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు రండి.

బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. మహేంద్రగిరి మీద పుట్టి ఇక్కడికి వచ్చేసరికి ఇసుకలో సగం ఇంకిపోయి నెమ్మదిగా దిగుతుంది. ఒడ్డున లైట్‌హౌస్, ఊళ్లో కోటిలింగేశ్వరుడు. ఎదురుగా సముద్రంలో చిల్కా అనే పాత ఆవిరి ఓడ మునిగి ఉంది. అది ఎలా మునిగిందో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు, అన్నీ వినండి, ఏదీ నమ్మకండి. తిరుగు దారిలో మందస వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, అక్కడి పాలకోవా కొనుక్కోకుండా రావద్దు. టైం మిగిలితే పలాస దగ్గర అక్కుపల్లి శివసాగర్ బీచ్. తేలుకుంచి మీకు ఇచ్ఛాపురం దగ్గరే. వర్షాకాలంలో చెట్ల నిండా నత్తగొట్టు కొంగలు గూళ్లు పెడతాయి, ఊళ్లోవాళ్లు వాటి మీద చెయ్యి వెయ్యనివ్వరు.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి గుర్తుగా ఏం తెచ్చుకోవాలి? జీడిపప్పు కాకుండా చెప్పండి.
– ఓ పాఠకురాలు, కర్నూలు

పొందూరు ఖద్దరు. సముద్రం లెక్కలోకి రాదు గానీ, ఒక చేప ఉంది కాబట్టి ఈ పేజీలో చెప్పొచ్చు. పొందూరులో గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. వాలుగ మంచినీటి చేప. దవడ ఎముకని చిన్న కర్రకి కట్టుకుంటారు. అంచున సన్నటి పళ్లు దట్టంగా ఉంటాయి, వేలు పెడితే గరుగ్గా తగులుతాయి. ఆడవాళ్లు గింజని వేళ్ల మధ్య పట్టుకుని ఆ పళ్ల మీద లాగుతారు. చెత్త రాలిపోయి దూది పోగులన్నీ ఒకవైపుకి తిరుగుతాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకుల్ని ఎండిన అరటిబోదెలో పెట్టుకుని వడుకుతారు. వంద నంబరు నూలు దాకా, అంటే చాలా సన్నటి పోగు, చేత్తో తీస్తారు. ఇనప దువ్వెనతో ఆ పని అవదా అని ఒకావిణ్ణి అడిగాను. "అవుద్ది, దూది తెగిపోద్ది" అంది. రేటు చూసి బేరమాడబుద్ధి పుడితే, ముందు ఆ పని కాసేపు చూసి అప్పుడు ఆడండి.

ప్రశ్న: జూన్ మొదటి వారంలో భావనపాడు వస్తున్నాం. తాజా చేపలు దొరుకుతాయా?
– ఓ పాఠకుడు, రాజాం

తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజను లేని తెప్పలు మాత్రం వెళ్తాయి కాబట్టి మెత్తళ్లో కవళ్లో కొంచెం దొరకొచ్చు. అవి కూడా పొద్దున ఏడు దాటితే తట్టలకెక్కి టెక్కలి బస్సులో ఉంటాయి. వంజరం, చందువ కావాలంటే జూన్ ఆఖర్న రండి. అప్పటికి వలలన్నీ దిగి ఉంటాయి, రేటు కూడా కాస్త దిగుతుంది. ఈ లోపు వచ్చేట్టయితే నౌపడ ఉప్పుమడులు చూసి వెళ్లండి. మడుల్లో ఉప్పు గోకి గట్ల మీద కుప్పలు పోస్తుంటారు. వానలు దిగాయంటే ఆ పని ఆగిపోతుంది.